క్రోమ్‌బుక్‌లో ఫోన్ లినక్స్ వేయొచ్చా?

అనంతపురం నుంచి ఒక చెల్లెలు రాసిన ఉత్తరం ఇది. కొంచెం కుదించి ఇస్తున్నా.

“అన్నా, నమస్తే. బీకాం రెండో ఏడాది చదువుతున్నా. మా మామ బెంగళూరు ఎస్పీ రోడ్డులో 7,500 పెట్టి సెకండ్ హ్యాండ్ క్రోమ్‌బుక్ కొనిచ్చినాడు. వెనక లెనోవో అని ఉంది, అంగడాయన డ్యూయెట్ అన్నాడంట. కీబోర్డు ఊడదీస్తే ట్యాబ్ అయిపోతుంది. నాలుగైదు ట్యాబ్‌లు తెరిస్తే చాలు మొరాయిస్తుంది. మా క్లాస్ అబ్బాయి ఉబుంటు పెన్‌డ్రైవ్ తెచ్చి పెట్టినాడు, అసలు కదల్లేదు. ‘ఇది ఏఆర్ఎం, దీంట్లో ఫోన్లకు వేసే పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ అని ఉంటాది, అది ఎక్కించుకో’ అన్నాడు. నాకు కావాల్సింది ట్యాలీ, కొంచెం పైథాన్, తెలుగు టైపింగ్, గ్రూప్-2 పీడీఎఫ్‌లు. వేయొచ్చా? వేస్తే పాడైపోతుందా? మామకు చెప్పాలంటే భయంగా ఉంది.”

చెల్లెమ్మా, వేయొచ్చు. పాడు కాదు. కానీ లోపలి మెమరీ జోలికి పోకుండా ఒక నెల రోజులు పెన్‌డ్రైవ్ మీదే నడుపు. నెల తర్వాత నీకే తెలుస్తుంది లోపల దించాలా వద్దా అనేది. ఇక ట్యాలీ కోసమే అయితే మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. దాని సంగతి కింద చెప్తా.

ముందు మీ క్లాస్ అబ్బాయి తెచ్చిన ఉబుంటు (అదొక రకం లినక్స్, అంటే విండోస్ లాంటి ఇంకో ఓఎస్) పెన్‌డ్రైవ్ ఎందుకు కదల్లేదో చూద్దాం. ఆ ఫైల్ పేరు చివర ఏముందో ఒకసారి చూడమను. తొంభై పాళ్లు ‘ఏఎండీ64’ అని ఉంటుంది. నీ మిషన్‌కు కావాల్సింది ‘ఏఆర్ఎం64’. ఇంగ్లిష్‌లో రాస్తే రెండింటికీ రెండక్షరాలే తేడా, అవీ నడిమధ్యలో. చదివేటప్పుడు కన్ను జారిపోతుంది. మొదటిది ఇంటెల్, ఏఎండీ చిప్‌ల భాష. రెండోది మన ఫోన్లలో ఉండే చిప్‌ల భాష. ఒకదాని ప్రోగ్రామ్ రెండోదానికి ముక్క అర్థం కాదు.

సరే, ఏఆర్ఎం64 ఉబుంటునే దించుకొస్తే నడుస్తుందా అంటే, నీ క్రోమ్‌బుక్‌లో అదీ నడవదు. ఇక్కడే చాలామంది తల బద్దలు కొట్టుకునేది. ఇంటెల్ కంప్యూటర్ ఒక వీధి అనుకో. లినక్స్ కొత్తగా వచ్చిన పోస్ట్‌మ్యాన్. ఒక్కో తలుపు కొడుతూ పోతే లోపలివాళ్లు ‘నేను వైఫై కార్డును’, ‘నేను సౌండ్ కార్డును’ అని పలుకుతారు. అందుకే ఒకే పెన్‌డ్రైవ్ పది రకాల కంప్యూటర్లలో లేస్తుంది. నీ దాంట్లాంటి ఏఆర్ఎం బోర్డుల్లో చాలా తలుపులు కొట్టినా ఎవరూ పలకరు. తెర ఏ తీగకు ఉంది, టచ్ ఏ చిరునామాలో ఉంది, బ్యాటరీని ఎవరిని అడగాలి అని ఒక చీటీ ముందే రాసి చేతికివ్వాలి. ఆ చీటీ పేరే డివైస్ ట్రీ. బోర్డు మారితే చీటీ మారాలి. దీనికి తోడు క్రోమ్‌బుక్ తన పద్ధతిలో, తనకు తెలిసిన రకం పార్టిషన్‌లో కూర్చోబెట్టిన కెర్నెల్‌నే (ఓఎస్ గుండెకాయను) లేపుతుంది. మామూలు పెన్‌డ్రైవ్‌ను అది కన్నెత్తి కూడా చూడదు.

పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ వాళ్లు చేసిన మేలు ఇదే. ఒక్కో బోర్డుకూ ఆ చీటీ, ఆ కెర్నెల్ సర్ది, లేవడానికి సిద్ధంగా ఉన్న ఇమేజ్ (పెన్‌డ్రైవ్ మీద రాసుకునే ఓఎస్ ఫైల్) ఇస్తారు. 2017లో మొదలైంది. అమ్మకం అయిపోయి, కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన ఫోన్లను పదేళ్ల దాకా నడపాలన్నది వాళ్ల పట్టుదల. పేరు కూడా అందులోంచి వచ్చిందే. అడుగున ఉండేది ఆల్పైన్ లినక్స్, చాలా చిన్నది. ఫోన్ల కోసం పుట్టింది ల్యాప్‌టాప్‌లోకి ఎట్లా వచ్చిందంటే, చవక ఏఆర్ఎం ల్యాప్‌టాప్ అంటే లోపల ఉండేది ఫోన్ చిప్పే కాబట్టి. నీ చేతిలో ఉన్నది పదంగుళాల డ్యూయెట్ అయితే అందులో హీలియో పీ60టీ ఉంటుంది. 2018లో వచ్చిన రియల్‌మీ 1లో ఉన్నది హీలియో పీ60. మీ ఇంట్లో పాత ఫోన్ల డబ్బాలో దాని అన్నో తమ్ముడో ఉండే ఉంటాడు.

‘అయితే’ అని ఎందుకు అన్నానంటే, డ్యూయెట్ అన్న పేరుతో చాలా వేర్వేరు మిషన్లు ఉన్నాయి. 10.1 అంగుళాలది మీడియాటెక్ చిప్, దాని సంకేత నామం క్రేన్, కుటుంబం పేరు కుకుయి. 11 అంగుళాల డ్యూయెట్ 3లో స్నాప్‌డ్రాగన్ ఉంటుంది, దాని పేరు వర్మ్‌డింగ్లర్. 13 అంగుళాల డ్యూయెట్ 5 పేరు హోమ్‌స్టార్. ఈ రెండూ ట్రోగ్‌డార్ కుటుంబం. అంగడాయన చెప్పిన పేరూ, వెనక ఉన్న కంపెనీ పేరూ మనకు అక్కర్లేదు. ఈ సంకేత నామమే మన ఆధార్ నంబర్. రికవరీ తెర (అదెట్లా తెప్పించాలో కింద చెప్తా) అడుగున మోడల్ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది చూడు. అక్కడ క్రేన్ అని ఉంటే కుకుయి ఇమేజ్ దించుకోవాలి. వేరే పేరుంటే వేరే ఇమేజ్. అది చూడకుండా ఇంకేమీ దించుకోవద్దు.

నీలాగే సెకండ్ హ్యాండ్‌లో కొనాలనుకునేవాళ్లకు ఇక్కడే ఒక మాట. విదేశాల్లో స్కూళ్లు వాడి తీసేసిన క్రోమ్‌బుక్‌లు మూటలు మూటలుగా మన దేశానికి వస్తుంటాయి. కొన్నింటికి ఆ స్కూలు తాళం ఇంకా ఊడి ఉండదు. డేటా మొత్తం తుడిచి మళ్లీ ఆన్ చేస్తే ‘ఈ డివైస్ ఫలానా సంస్థ నిర్వహణలో ఉంది’ అన్నట్టు వచ్చిందంటే, డెవలపర్ మోడ్ (వేరే ఓఎస్‌ను లేపనిచ్చే దారి) కూడా మూసేసి ఉండొచ్చు. అప్పుడు లినక్స్ మాట అటుంచి, మామూలుగా వాడుకోవడమే కష్టం. డబ్బులివ్వకముందే అంగట్లోనే తుడిపించి, వైఫై కలిపి, లాగిన్ తెర దాకా చూసుకోవాలి. అంగడివాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ. నీది మామూలుగా జీమెయిల్‌తో తెరుచుకుంటోంది కాబట్టి ఆ గొడవ ఉండకపోవచ్చు.

ఇంకో ప్రశ్న నేనే అడుగుతా. నీకు పైథాన్ ఒక్కటే కావాలంటే ఇదంతా ఎందుకు? క్రోమ్‌ఓఎస్ (క్రోమ్‌బుక్‌తో వచ్చే గూగుల్ ఓఎస్) సెట్టింగ్స్‌లోనే ‘లినక్స్ డెవలప్‌మెంట్ ఎన్విరాన్‌మెంట్’ అని ఒకటుంది. ఆన్ చేస్తే లోపల డెబియన్ అనే చిన్న లినక్స్ వచ్చి కూర్చుంటుంది. ఏమీ చెరిపే పని లేదు. నాలుగు జీబీ ర్యామ్‌లో కాస్త బరువుగానే ఉంటుంది గానీ లూపులు, ఫంక్షన్లు నేర్చుకోవడానికి ఢోకా లేదు. నీ అసలు బాధ నాలుగు ట్యాబ్‌లకే మొరాయించడం. పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ తేలికే, ఖాళీగా ఉన్నప్పుడు ర్యామ్ తక్కువే తింటుంది. కానీ అందులోనూ నువ్వు తెరిచేది ఫైర్‌ఫాక్సో క్రోమియమో. వెబ్‌సైట్ బరువు ఓఎస్ మారినంత మాత్రాన తగ్గదు. నాలుగు ట్యాబ్‌లు ఏడవుతాయేమో, ఇరవై కావు.

అయినా వేసి చూడాలనే ఉంది కదా. నాకు తెలుసు, నాదీ అదే జబ్బు. అయితే విను.

డెవలపర్ మోడ్‌లోకి పోగానే క్రోమ్‌బుక్ లోపలున్నదంతా తుడిచేస్తుంది. నోట్స్, డౌన్‌లోడ్లు ముందే గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించుకో. నీది ట్యాబ్ రకం కాబట్టి కీబోర్డు మీటలతో పని లేదు. పవర్, వాల్యూమ్ పెంచేది, తగ్గించేది మూడూ కలిపి పది సెకన్లు పట్టుకుంటే రికవరీ తెర వస్తుంది. అక్కడ రెండు వాల్యూమ్ బటన్లూ ఒకేసారి నొక్కితే మెనూ. వాల్యూమ్‌తో పైకీ కిందికీ పోవడం, పవర్‌తో ఒప్పుకోవడం. ఓఎస్ వెరిఫికేషన్ తీసేయాలా అని అడుగుతుంది, సరే అను. కాసేపు తనలో తాను గొణుక్కుని మళ్లీ లేస్తుంది.

లేచాక ఇంకో తాళం ఉంది. బయటి పెన్‌డ్రైవ్‌తో లేవడానికి అనుమతి ఇవ్వాలి. కీబోర్డు తగిలించి, కంట్రోల్, ఆల్ట్ పట్టుకుని, పై వరసలో ఎస్కేప్ తర్వాత రెండో మీట నొక్కితే నల్ల తెర వస్తుంది. రూట్ అని లాగిన్ అయ్యి ‘ఎనేబుల్ డెవ్ యూఎస్‌బీ బూట్’ అని కొట్టాలి. ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, మాటల మధ్య ఖాళీ బదులు అండర్‌స్కోర్ పెట్టి, అంతా ఒకే పదంలా. అంతే. ఇక ప్రతిసారీ ఆన్ చేయగానే ‘వెరిఫికేషన్ ఆఫ్‌లో ఉంది’ అని బెదిరించే తెర వస్తుంది. భయపడొద్దు, అది దాని అలవాటు. అందులో డెవలపర్ ఆప్షన్లలోకి పోతే యూఎస్‌బీ నుంచి లేపే వరస కనపడుతుంది. ఏమీ ముట్టుకోకుండా వదిలేస్తే 30 సెకన్లు చూసి, బీప్‌మని, పాత క్రోమ్‌ఓఎస్‌లోకే పోతుంది. అదే తెర మీద వెరిఫికేషన్ మళ్లీ ఆన్ చేసే వరస కూడా ఉంటుంది. ఇంట్లో చిన్నపిల్లలెవరైనా దాన్ని నొక్కితే అంతా మళ్లీ తుడుచుకుపోయి మొదటికొస్తుంది. లోపలి మెమరీలో లినక్స్ దించొద్దని నేను మొత్తుకునేది ఇందుకు కూడా. పెన్‌డ్రైవ్ మీద ఉన్నంతకాలం, ఎవరు ఏం నొక్కినా లోపల క్రోమ్‌ఓఎస్ క్షేమంగా ఉంటుంది. మామ దగ్గర మాట పడక్కర్లేదు.

పెన్‌డ్రైవ్ రాయడానికి మీ క్లాస్ అబ్బాయి విండోస్ ల్యాప్‌టాప్ చాలు. బలేనా ఎచర్ లాంటిది వాడండి. అది బయట గుచ్చిన డ్రైవ్‌లనే ముందు చూపిస్తుంది కాబట్టి పొరపాటు జరిగే వీలు తక్కువ. ఎవరైనా ‘డీడీ కమాండ్ కొట్టు, రెండు నిమిషాల్లో అయిపోతుంది’ అంటే వద్దను. డీడీ ఏ డిస్క్ పేరు కొడితే దాని మీద అడక్కుండా రాసేస్తుంది. కర్నూలులో మా పిన్నమ్మ ఇంట్లో ఒకసారి నేనే గొప్పకు పోయి డీడీ కొట్టినా. ఎస్‌డీసీ అని కొట్టాల్సిన చోట ఎస్‌డీబీ కొట్టినా. ఎస్‌డీబీ అంటే మా చెల్లెలి పెళ్లి ఫొటోలున్న హార్డ్ డిస్క్. కొట్టిన రెండో సెకనుకు తెలిసింది, వైరు పీకేసినా. సగం ఫొటోలు రికవరీ సాఫ్ట్‌వేర్‌తో వచ్చినాయి, తలంబ్రాలు పోయినాయి. ఇప్పటికీ ఆ ఇంటికి పోతే పిన్నమ్మ ఉగ్గాని ప్లేటు చేతికిస్తూ ‘కంప్యూటర్ ముట్టుకోవద్దు నాయనా’ అంటుంది.

ఇమేజ్ ఎంచుకునేటప్పుడు ఏ ముఖం (తెర మీది రూపం) కావాలని అడుగుతుంది. ఫోష్, ప్లాస్మా మొబైల్, గ్నోమ్, ఎక్స్‌ఎఫ్‌సీఈ లాంటివి ఉంటాయి. మీ క్లాస్ అబ్బాయి ఫోన్ లినక్స్ అన్నాడు కాబట్టి ఫోష్ వైపు చెయ్యి పోతుంది. అది లిబ్రెమ్ 5 అనే ఫోన్ కోసం ప్యూరిజం వాళ్లు చేసింది, నిలువు తెరకు, బొటనవేలికి. పదంగుళాల తెరలో కీబోర్డు తగిలించి వాడితే చిన్నపిల్ల గౌను పెద్దమనిషికి తొడిగినట్టుంటుంది. గ్నోమ్ తీసుకో. వేలితో పనిచేస్తుంది, కీబోర్డుతోనూ పనిచేస్తుంది. టచ్ లేని పాత క్రోమ్‌బుక్, రెండు జీబీ ర్యామ్ అయితే ఎక్స్‌ఎఫ్‌సీఈ అని చెప్పేవాణ్ని. ఎడ్జ్ (ఇంకా పరీక్షలో ఉన్న రకం) అని ఉన్నది కాకుండా స్టేబుల్ తీసుకో, అది ఏడాదికి రెండుసార్లు వస్తుంది. తయారు ఇమేజ్‌లో యూజర్ పేరు ‘యూజర్’, పాస్‌వర్డ్ 147147. ఫోన్ డయల్ ప్యాడ్‌లో ఎడమ నిలువు వరస గుర్తుపెట్టుకుంటే చాలు. లోపలికి పోగానే ముందు దాన్ని మార్చు. ప్రపంచమంతా తెలిసిన పాస్‌వర్డ్ అది.

తెలుగు సంగతి. మొదటిసారి ఏదైనా తెలుగు పేజీ తెరిస్తే అక్షరాల బదులు డబ్బాలు కనపడొచ్చు. కంగారు పడి ఓఎస్ బాలేదనుకోకు, ఫాంట్ లేదంతే. టెర్మినల్‌లో ఏపీకే యాడ్‌తో (ఏపీకే అంటే ఇక్కడ ఆల్పైన్‌లో సాఫ్ట్‌వేర్ దించే కమాండ్, ఆండ్రాయిడ్ ఫైల్ కాదు) నోటో తెలుగు ఫాంట్ వేసుకుంటే తీరిపోతుంది. కీబోర్డు సెట్టింగ్స్‌లో తెలుగు కలుపుకుంటే ఇన్‌స్క్రిప్ట్ వస్తుంది. హల్లులు కుడిచేతికి, అచ్చులు గుణింతాలు ఎడమచేతికి. పదిహేను రోజులు కష్టం, తర్వాత చేతులే పోతాయి. కానీ ఒక్క మాట. టైపింగ్ నేర్చుకునేది డీటీపీ సెంటర్లో పని కోసమైతే అక్కడ ఇంకా అనూ ఫాంట్లు, పేజ్‌మేకర్ రాజ్యమేలుతున్నాయి. అవి విండోస్‌వి, యూనికోడ్ కావు. వాటి కోసం దీన్ని నమ్ముకోవద్దు.

పీడీఎఫ్‌లకు మాత్రం ఇది దిట్ట. కీబోర్డు ఊడదీసి, తెర నిలువుగా తిప్పితే గ్రూప్-2 మెటీరియల్ పేజీ పేజీ మొత్తం కనపడుతుంది. పుస్తకం పట్టుకున్నట్టే. నన్నడిగితే ఈ మిషన్ ఇందుకే పుట్టింది.

ఇక కానివి. కెమెరా పనిచేస్తుందని లెక్క పెట్టుకోవద్దు. ఈ ట్యాబ్ రకాల కెమెరాలకు మామూలు లినక్స్ కెర్నెల్‌లో దారి దొరకడం కష్టం. ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఉంటే పెన్‌డ్రైవ్ పీకి క్రోమ్‌ఓఎస్‌లో కూర్చో. ఓటీటీలు చాలావరకు వైడ్‌వైన్ అనే తాళం అడుగుతాయి, అది ఇక్కడ ఉండదు. యూట్యూబ్ వస్తుంది, 720 పెట్టుకో. వేడ్రాయిడ్ అని ఒకటుంది, అందులో ఆండ్రాయిడ్ యాప్‌లు నడుస్తాయి, చిప్ ఫోన్‌దే కాబట్టి బాగానే నడుస్తాయి. కానీ ఫోన్‌పే, బ్యాంకు యాప్‌లు అది అసలైన ఫోనా కాదా అని ఆరా తీస్తాయి, అక్కడ ఆగిపోతుంది. వెబ్‌సైట్లలో ‘లినక్స్ కోసం’ అని దొరికే ఫైళ్లు, ఏఆర్ఎంవే అయినా సరే, చాలావరకు లేవవు. ఆల్పైన్‌లో అడుగున ఉండే సీ లైబ్రరీ మజిల్, మిగతా లినక్స్‌లలో గ్లిబ్‌సీ. ఇదొక ఇంటిపోరు. నీకెందుకు, ఏపీకేలో దొరికితే అక్కడ, లేకపోతే ఫ్లాట్‌ప్యాక్‌లో (ఏ లినక్స్‌లోనైనా నడిచేలా కట్టిన యాప్ మూటలు) వెతుకు. లిబ్రెఆఫీస్ ఏపీకేలోనే ఉంది.

శబ్దం రాకపోతే ఎవరో చెప్పారని ఆల్సామిక్సర్ (శబ్దం సర్దే ప్రోగ్రామ్) తెరిచి కనపడిన మీటలన్నీ వంద చేయొద్దు. పాత ఏఆర్ఎం క్రోమ్‌బుక్‌లలో అట్లా చేసి స్పీకర్లు కాల్చుకున్నవాళ్లున్నారు. ఇయర్‌ఫోన్ బ్లూటూత్‌కు కలుపుకుని పని కానిచ్చుకో.

దీనికి ఫ్యాన్ లేదు. అందుకే చప్పుడు లేదు, దుమ్ము పట్టదు, మన ఊళ్లో అది వరమే. కానీ మే నెలలో మిద్దె మీది గదిలో మధ్యాహ్నం కూర్చుంటే చిప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అప్పుడు లినక్స్‌ను తిట్టుకోకు. స్కూటీ డిక్కీలో పెట్టి ఎండలో వదిలేయొద్దు, బ్యాటరీ ఉబ్బుతుంది. మొదటి వారం రాత్రి పడుకోబెట్టేటప్పుడు బ్యాటరీ ఎంత, తెల్లారి ఎంత అని ఒక కాగితం మీద రాసుకో. బాగా తగ్గుతుంటే రాత్రిపూట పూర్తిగా ఆపేయడమే మేలు.

ట్యాలీ. అది విండోస్ ప్రోగ్రామ్, ఇంటెల్ భాషది. దాన్ని ఏఆర్ఎం లినక్స్‌లో, అదీ ఆల్పైన్ మీద నడిపించాలని చూస్తే సెమిస్టర్ అయిపోతుంది, ట్యాలీ రాదు. రెండు దారులున్నాయి. కాలేజీ ల్యాబ్‌లోనో, కోచింగ్ సెంటర్‌లోనో విండోస్ కంప్యూటర్ మీద కూర్చుని నేర్చుకోవడం ఒకటి. మీ క్లాస్‌లో ఎవరింట్లోనైనా విండోస్ ప్రో కంప్యూటర్ ఖాళీగా ఉంటే, రెమినా అనే దాంతో నీ క్రోమ్‌బుక్ నుంచి దాంట్లోకి పోవడం రెండోది. అక్కడ నడుస్తుంది, ఇక్కడ కనపడుతుంది. జర్నల్, లెడ్జర్, ట్రయల్ బ్యాలెన్స్ తిరుగుడు అర్థం కావడానికి గ్నూక్యాష్ వేసుకోవచ్చు, కానీ ఉద్యోగానికి పోతే వాళ్లు అడిగేది ట్యాలీనే. నేను మొదటి దారే అంటాను. అక్కడ పక్కన కూర్చున్నవాళ్లు చేసే తప్పులు కూడా చూస్తావు.

ఒక చిక్కు మిగిలింది. నీది పదంగుళాల డ్యూయెట్ అయితే దానికి ఉన్నది ఒక్కటే టైప్-సి రంధ్రం. ఛార్జర్ అందులోకే, పెన్‌డ్రైవ్ కూడా అందులోకే. పెన్‌డ్రైవ్ మీద ఓఎస్ నడుస్తుండగా ఛార్జింగ్ కోసం దాన్ని పీకినావంటే, కూర్చున్న కుర్చీని లాగేసినట్టే. అందుకే హబ్ కావాలి. హబ్‌లన్నీ ఒకటి కావు. చవకవి పెన్‌డ్రైవ్‌కు మాత్రమే, ఛార్జింగ్ లోపలికి పోదు. పీడీ అని రాసి, ఛార్జర్ గుచ్చే టైప్-సి రంధ్రం విడిగా ఉన్నది చూసుకోవాలి. కొనేముందు అంగట్లోనే ఛార్జర్, పెన్‌డ్రైవ్ రెండూ గుచ్చి, తెర మీద ఛార్జింగ్ గుర్తు వస్తోందో లేదో చూడాలి. మామ మళ్లీ ఎస్పీ రోడ్డు వైపు పోతే క్రోమ్‌బుక్ కూడా సంచిలో వేసుకుపొమ్మను. ఎందుకు అని అడిగితే ఛార్జింగ్ సరిగ్గా ఎక్కడం లేదని చెప్పు, అబద్ధమేమీ కాదు.